చంద్రవంక ఉన్న పళ్లెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుళ్ల కన్నా ఎక్కువగా మెరిసే వస్తువు ఒకటి ఉండేది. అది మా నాయనమ్మ హారతి పళ్లెం. టోవా పాయో పేటలో మేం అప్పుడప్పుడే దిగిన ఫ్లాటులో దేవుడి గది అంటూ వేరే లేదు. హాల్లో ఒక మూల గోడకి కొట్టిన అల్మారాయే మా గుడి. వంటింట్లో పోపు ఘాటెక్కితే దేవుళ్లకి కూడా తుమ్ములొచ్చేంత దగ్గర. పటాలన్నీ పొగచూరి ఉండేవి కానీ, ఆ ఇత్తడి పళ్లెం మీద ఉదయం ఎండ పడితే ఎదురు బ్లాకులో బట్టలారేసేవాళ్లు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

దాని ఆకారం కాస్త చిత్రంగా ఉండేది. మధ్యలో గిన్నెలాగా లోతు, చుట్టూ వెడల్పాటి అంచు, ఆ అంచులో ఒక పక్క అర్ధచంద్రాకారంగా ముక్క తీసేసినట్టు ఖాళీ. శుక్రవారం పూజకి వచ్చే ఆడవాళ్లకి అదొక వింత. శివుడి తలమీది చంద్రవంక అని ఒకరు తేల్చారు. కాశీలో ఇలాంటి పళ్లేలే వాడతారని, తాను కళ్లారా చూడకపోయినా చెవులారా విన్నానని మరొకరు చెప్పారు. నాయనమ్మ ఔననేది కాదు, కాదనేది కాదు. కాఫీ తాగుతారా అని అడిగేది.

నా మటుకు నాకు ఆ ముక్కని మా ముత్తాత కొరికేశాడని గట్టి నమ్మకం. అల్మారా పక్కనే ఆయన ఫోటో ఉండేది. మీసం రెండు కొసలూ పైకి మెలితిరిగి, ఫ్రేము లేకపోతే గోడంతా పాకేలా ఉండేవి. అలాంటి మీసం ఉన్న మనిషికి ఇత్తడి ఒక లెక్కా అనిపించేది.

ఆయన పంతొమ్మిదో శతాబ్దం ఇంకా ముగియకముందే కాకినాడలో ఓడెక్కి, సముద్రం దాటి ఈ పరాయి దేశపు ఊరు వచ్చాడు. ఉద్యోగం గిడ్డంగిలో, ధ్యాసంతా గడ్డం మీద అని ఇంట్లో అందరూ ఆయన్ని తలుచుకుని నవ్వుకునేవారు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న చెక్కపెట్టెలో బట్టల కన్నా ముస్తాబు సామానే ఎక్కువట. తెల్లవారకముందే గడ్డం నున్నగా చేయించుకుని, మీసానికి మైనం పట్టించి, చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుంటే గానీ గుమ్మం దాటేవాడు కాదట. ఉక్కకి ఊరంతా చొక్కాలు విప్పేసే మధ్యాహ్నాల్లో కూడా ఆయనకి మెడదాకా బొత్తాలు ఉండాల్సిందేనట. అంతటి సోకులరాయుడి వంశంలో నేను పుట్టాను. నూనె ఎరగని జుట్టు, రెండు జడలకి ఒకటే రిబ్బను, గోళ్లలో సగం ప్లేగ్రౌండు.

ఆ గోళ్ల దగ్గరే నాకూ నాయనమ్మకీ చెడింది. ఒక శుక్రవారం స్కూల్లో టీచరు చివాట్లు పెట్టిందని, ఇంటికొచ్చి హాల్లో కూర్చుని గోళ్లు తీసుకున్నాను. నాయనమ్మ చూసింది. శుక్రవారం పూట ఇంట్లో గోరు రాలితే లక్ష్మి గడప దాటి వెళ్లిపోతుందని హాలంతా నాచేత తుడిపించి, పసుపునీళ్లు చల్లించి, తలమీంచి స్నానం చేయించింది. మనం ఉండేది పదో అంతస్తు కదా, లక్ష్మి వెళ్లిపోవాలన్నా లిఫ్టు కోసం ఆగాలి, ఈ లోపల మనం పరుగెత్తి వెనక్కి పిలుచుకోవచ్చు కదా అన్నాను. ఆ మాటకి ఇంకోసారి స్నానం చేయించింది. రెండు స్నానాల పిల్ల పగపట్టింది.

ఆ ఆదివారం మా నాన్న గడ్డం గీయించుకోవడానికి సెరంగూన్ వైపు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. అక్కడ సెలూన్ నడిపే పెద్దాయన మన తెలుగువాడే. నేను సెలూన్ తాత అనేదాన్ని. వాళ్ల వృత్తి ఆ ఊళ్లో మూడు తరాలుగా ఉంది. అద్దాల పక్కన ఒక గాజు బీరువాలో వాళ్ల తాత వాడిన సామానంతా వరసగా పేర్చి ఉండేది. నాన్న వేడి తువ్వాలు కింద కునుకు తీస్తుంటే, సెలూన్ తాత ఆ బీరువా తెరిచి నాకు ఒక్కొక్కటే చూపించాడు.

కొమ్ము పిడి ఉన్న మడతకత్తి చూపించాడు. దాన్ని సానరాయి మీద నూరి, ఆ తర్వాత తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగితే వెంట్రుక తనంతట తానే తెగి పడుతుందట. మీసాలకి మాత్రమే వాడే దంతపు దువ్వెన నా చూపుడువేలంతే ఉంది. దీపం మీద వేడిచేసి మీసం కొసలు వంపు తిప్పే సన్నటి పట్టకారు ఉంది. చెవిలో గులిమి తీసే వెండి చెంచా చూసి బొమ్మల పెళ్లిలో పాయసానికి భలే ఉంటుందే అనుకున్నాను. గోళ్లు తీసే చిన్న ఉలి, గాటు పడితే అద్దే పటిక ముక్క కూడా ఉన్నాయి. అన్నిటి వెనకా గోడకి ఆనించి ఒక ఇత్తడి పళ్లెం ఉంది. వెడల్పాటి అంచు, అంచులో అర్ధచంద్రుడు.

ఇది దేనికని అడిగాను. ఆయన దాన్ని తీసి తన గొంతు కింద ఆనించుకుని చూపించాడు. ఆ వంపులో మెడ సరిగ్గా ఇమిడింది. సబ్బు నురగా వెంట్రుకలూ చొక్కా మీద పడకుండా ఆ గిన్నెలో పడతాయట. అప్పట్లో శుభ్రం పాటించే పెద్దమనుషులు ఇంకొకరి కత్తి తమ మొహానికి తగలనిచ్చేవారు కాదట, ఎవరి సామాను వాళ్లే పెట్టుకునేవారట.

“మీ ముత్తాతగారింటికి మా అయ్య ఉత్త చేతుల్తోనే ఎల్లేవోడు తల్లీ,” అన్నాడు సెలూన్ తాత. “కత్తీ ఆయనదే, కుంచే ఆయనదే, పళ్లెమూ ఆయనదే. సెయ్యి మాత్రం మా అయ్యది.”

మా ఇంట్లో ఆ పళ్లెం ఇంకా ఉందని, మా నాయనమ్మ అందులో కర్పూరం వెలిగిస్తుందని నేను పగలబడి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. పళ్లేన్ని మెల్లగా బీరువాలో పెట్టి, నిజంగా అదేనా అని మళ్లీ అడిగాడు. చివరి రోజుల్లో మీ ముత్తాతగారి దగ్గరికి మా అయ్య వెళ్లలేకపోయాడని, ఆ తర్వాత ఆయనకి గడ్డం ఎవరు చేశారోనని పోయేదాకా అనుకుంటూనే ఉండేవాడని ఏదో చెప్పుకొచ్చాడు. నా చెవికి అవేవీ ఎక్కలేదు. గోరు రాలితే పారిపోయే లక్ష్మికి ఏళ్ల తరబడి గడ్డం పళ్లెంలో హారతి ఇస్తున్న నాయనమ్మ మీద నాకు ఆయుధం దొరికింది. మిగిలింది దాన్ని నూరుకోవడమే.

ఐదు రోజులు నూరుకున్నాను. నా నోట్లో రహస్యం ఐదు నిమిషాలు ఆగడమే గొప్ప. ఐదు రోజులు ఆగిందంటే నా నాలుక మీద నాకే గౌరవం పుట్టింది.

అది శ్రావణ శుక్రవారం. నాయనమ్మకి వారమంతా ఒక ఎత్తు, ఆ రోజు ఒక ఎత్తు. ఈ ఊళ్లో మనవాళ్లు అప్పట్లో కొద్దిమందే. ఊరికి నాలుగు వైపుల నుంచీ రెండేసి బస్సులు మారి వచ్చే ఆ ఏడెనిమిది మంది ఆడవాళ్లే ఆవిడ లోకం. తాతయ్యనీ నాన్ననీ కారిడార్లోకి తరిమేసి, హాలంతా చాపలు పరిపించింది. అందరి కన్నా ముందొచ్చి పూలు గుచ్చుతూ కూర్చునే ఒక మామ్మగారు ఉండేవారు. పెళ్లయిన కొత్తలో నాయనమ్మతో కలిసి ఒకే ఓడలో వచ్చిన మనిషి. అందరి కన్నా చివర వచ్చేది వుడ్‌ల్యాండ్స్ ఆంటీ. పక్క దేశానికి దాటించే కాజ్‌వే వంతెన దగ్గర వాళ్లకి వ్యాపారం ఉండేది. ఆ రోజు ఆవిడ చంకలో తువ్వాలు చుట్టిన పొట్లం ఒకటి ఉంది.

పూజ అయింది. నాయనమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించింది. సరిగ్గా అప్పుడు ఆంటీ పొట్లం విప్పింది. కంసాలికి కొలతలిచ్చి చేయించిందట, తళతళలాడే వెండి పళ్లెం. మధ్యలో లోతు, చుట్టూ అంచు, అంచులో చంద్రవంక. అచ్చం మాదే.

“మీది ఇత్తడి కదా పిన్నిగారూ,” అంది ఆంటీ వినయంగానే. “అమ్మవారికి వెండి అయితే బావుంటుందని నేనే చేయించేశా. చంద్రవంక మాత్రం మీ దాని కొలతే.”

ఇక నావల్ల కాలేదు.

“అది చంద్రవంక కాదు ఆంటీ. మెడ కోసం పెట్టిన వంక. గడ్డం గీసేటప్పుడు గొంతు కింద పెట్టుకునే పళ్లెం అది. సెలూన్ తాత దగ్గర కూడా ఉంది. కావాలంటే వెళ్లి చూసుకోండి.”

హారతి వైపు చాచిన చేతులు సగంలో ఆగిపోయాయి. పూలు గుచ్చే మామ్మగారు తన అరచేతుల్ని మెల్లగా చీరకి తుడుచుకోవడం నేను చూశాను. అమ్మ మొహం చూసి నేను చేసింది చిన్న పని కాదని తెలిసింది కానీ, అప్పటికి ఆయుధం చెయ్యి దాటిపోయింది. గెలిచానా లేదా అని నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ పళ్లెం కింద పెట్టలేదు. కర్పూరం ఆరిపోతుంటే ఇంకో బిళ్ల వేసింది.

“తెలుసే,” అంది. “దీన్ని మామగారి గడ్డం కింద పట్టింది నేనే.”

అలా నిలబడే, చేతిలో హారతితోనే చెప్పింది.

అది యుద్ధంలో జపాన్ వాళ్లు ఈ ఊరిని ఆక్రమించుకున్న కాలం. ముత్తాతకి ఒక ఉదయం కుడిపక్క మొత్తం పడిపోయింది. వీధి మొగల్లో తుపాకులతో కాపలా, సెలూన్ తాత వాళ్ల నాన్న ఇల్లు కదిలే దారి లేదు. మా తాతయ్య ఒకసారి తండ్రికి గడ్డం గీయబోయి రెండు చోట్ల కోసి కత్తి కింద పెట్టేశాడట. ఏడాది పొడుగునా ఒక్క రోజైనా మాసిన గడ్డంతో కనబడని మనిషి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకి మొహం చూపించలేదు. పలకరిస్తే పలకలేదు. నాలుగో రోజు గంజి కూడా వద్దన్నాడు.

నాయనమ్మ కోడలిగా వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లయినా మామగారి ఎదట పడి ఎరగదు. మాట్లాడాల్సి వస్తే తలుపు చాటు నుంచే. గాజుల చప్పుడును బట్టే ఆయన కోడలి రాకపోకలు తెలుసుకునేవాడట. ఆ రోజు ఆవిడ మంచం కింద పెట్టె లాగి, నీళ్లు కాచి, ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కుంచెతో నురగ పట్టించి కత్తి తెరిచింది. ఆయన ఒకసారి కత్తిని చూశాడు, ఒకసారి కోడలిని చూశాడు. చూసి కళ్లు మూసుకున్నాడు.

“నేను సిగ్గుపడకూడదని మూసుకున్నారు,” అంది నాయనమ్మ. “పనయ్యాక ఈ పళ్లేన్ని నేల మీద పెట్టేదాన్ని. ఆ చప్పుడు విన్నాకే తెరిచేవోరు. ఎనిమిది నెల్లు. రోజు విడిచి రోజు. ఒక్కనాడు కూడా మధ్యలో కళ్లు తెరవలేదు.”

మొదటిసారి మీసం ఒక పక్క ఎక్కువ తెగిపోయిందట. ఎవరికీ చెప్పకుండా ఊరుకుందట. ఆయన ఎడం చేత్తో తడుముకుని చూసుకుని, పడిపోయిన మూతితోనే నవ్వాడట. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. ఆ పూట గంజి తాగాడు. ఆయన పోయాక పెట్టెలోని సామాను ఒక్కొక్కటీ బియ్యానికీ కర్రపెండలానికీ వెళ్లిపోయింది. ముక్క విరిగిన పళ్లెం మాకెందుకని దీన్ని మాత్రం ఎవరూ తీసుకోలేదట.

ఆంటీ గొంతు సవరించుకుని, అయినా దేవుడి దగ్గరికి వేరే పళ్లెం ఉండేది కదా అని నసిగింది.

“లేకేం,” అంది నాయనమ్మ. “నా పూజలన్నీ ఒకరు చెప్తే నేర్చుకున్నవేనమ్మా. అత్తగారు చెప్పినవి కొన్ని, పంతులుగారు చెప్పినవి కొన్ని. ఎవరూ చెప్పకుండా, వణుక్కుంటూ, నా అంతట నేను చేసింది అదొక్కటే. ఇంక దేన్లో ఇమ్మంటావు హారతి?”

అని పళ్లేన్ని ముందుకి చాచింది. తీసుకోమని అనలేదు. ఆంటీయే ముందుగా రెండు చేతులూ మంట మీద పెట్టి కళ్లకద్దుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే తీసుకున్నారు. పూలు గుచ్చే మామ్మగారు మాత్రం తీసుకోలేదు. గుచ్చిన దండ చాప మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మరుసటి శుక్రవారం రాలేదు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ రాలేదు. నాయనమ్మ ఆవిడ చాపని చాలా వారాలు పరుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం పళ్లెం తోమే పని నాకు పడింది. అదే శిక్ష అనుకుని, చింతపండు పట్టించి ఏడుస్తూ తోమాను. కడిగాక ఎవరూ చూడ్డం లేదు కదా అని ఆ వంపుని నా గొంతుకి ఆనించుకుని చూశాను. చల్లగా తగిలింది. వెనకాల గాజుల చప్పుడైంది. దెబ్బ తప్పదనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

“ఇంకాస్త పైకి పెట్టు,” అంది నాయనమ్మ. “ఆయన మెడ నీకన్నా పొడుగు.”

అంతే. తిట్టలేదు, ఆ రోజు గురించి ఎప్పుడూ ఎత్తి చూపలేదు. ఆదివారం నాన్నతో వెళ్తుంటే మాత్రం నన్ను పిలిచి, వాళ్ల అయ్య రాలేకపోయిన పని ఇంట్లో జరిగిందనీ, ఆ బెంగ పెట్టుకోవద్దనీ సెలూన్ తాతకి చెప్పమంది. మోసుకెళ్లి చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా కలపకుండా. ఆయన చేతిలో కత్తి మడిచి పెట్టి, వెనక గదిలోకి వెళ్లి, చాలాసేపటికి గానీ రాలేదు. సగం గడ్డంతో కూర్చున్న మా నాన్న ఏమైందని నన్ను సైగతో అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఇప్పుడు నేనూ నాయనమ్మనే. మోకాళ్లు అరిగాయి కానీ నాలుక ఇంకా కొత్తదే. మా బ్లాకులో మన ఊళ్ల నుంచి వచ్చిన కుర్రకారు బాగా ఉన్నారు, కంప్యూటర్ల వాళ్లు, బ్యాంకుల వాళ్లు. వాళ్ల మధ్య నాకో పేరుంది, అన్నీ అడిగే ఆంటీ అని. నిజమే, తెగ అడుగుతాను. నా మనవరాలు కూడా లిఫ్టులో నా చెయ్యి లాగి “టూ మచ్ లా, నాయనమ్మా,” అంటుంది. దానికి తెలియని సంగతేమిటంటే, ఎవరింట్లోనైనా ఏదైనా వింతగా కనిపిస్తే, అది ఫలానా అని చెప్పేయడానికి నా నోరు ముందుగా సిద్ధమైపోతుంది. అప్పుడు ఖాళీ చాప ఒకటి గుర్తొస్తుంది. చెప్పబోయినదాన్ని మింగి, దాని చోట ప్రశ్న వేస్తాను.

మొన్న పక్కింట్లోకి కొత్తగా వచ్చిన కరీంనగర్ అమ్మాయి కాఫీకి పిలిచింది. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. ఆ పిల్ల దేవుడి దగ్గర దీపం ఒక అంచు విరిగిన పింగాణీ సాసరులో వెలుగుతోంది, హాకర్ సెంటర్ తిండి కొట్లలో కాఫీ కప్పు కింద పెట్టి ఇస్తారే, అలాంటి దాంట్లో. విరిగినదాంట్లో దీపం పెట్టకూడదమ్మా అన్న మాట నా పెదాల దాకా వచ్చింది.

“ఈ సాసరు ఎక్కడిది తల్లీ?” అని అడిగాను.

ఆ అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి, స్టవ్ ఆపేసి వచ్చి, నా పక్కన కింద కూర్చుంది. “మీకు టైమున్నదా ఆంటీ?” అంది. ఉందన్నాను. గంటసేపు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి నవ్వింది.

ఏం చెప్పిందో మీకు చెప్పాలని నాకు ఎంత ఉబలాటంగా ఉందో దేవుడికే తెలుసు. చెప్పను. అది ఆ పిల్ల ఇంటి సంగతి.